జోకొట్టిన గీతలు

ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
అక్క పడిపోయిన నలభై ఆరో రోజు

మీకు,

ఫోన్లు చేయడం ఆపండి. నిన్న పదకొండుసార్లు మోగింది. పక్క మంచం పెద్దాయన "ఎవరమ్మా, అంత ప్రేమగల మనిషి?" అని అడిగాడు. రాంగ్ నంబరని చెప్పాను.

మీ గొంతులోంచి వచ్చే మాట నాకిక పనికిరాదు. ఆ రోజు పొద్దున "మీ అక్క దుకాణంలో అటక మీంచి గుడ్డ తీస్తూ స్టూలు మీంచి పడిందట, తలకి దెబ్బ తగిలిందట, బయల్దేరు" అని మీరంటే నేను నోట్లో గుండుసూదులు పెట్టుకునే నవ్వాను. ఎందుకు నవ్వనూ? అంతకు నెల ముందే "మీ అక్క బస్సు దిగింది, వెళ్ళి తీసుకురా" అని నన్ను బస్టాండులో రెండు గంటలు నిలబెట్టారు కదా. తొమ్మిదింటి బస్సు వదిలేశాను. మీరు ఒట్ల మీద ఒట్లు వేసి నమ్మించేసరికి పన్నెండయింది. నేను ఇక్కడికొచ్చేసరికి అక్కకి మాట పోయింది. మధ్యాహ్నం దాకా మాట్లాడుతూనే ఉందట. "చిన్నది వచ్చిందా?" అని మూడుసార్లు అడిగిందట.

సరే, దెప్పడానికి కాదు ఈ ఉత్తరం. పనుంది. మీరు పనిచేసే ఆసుపత్రి గదిలో ఉండే మిషను లాంటిదే ఇక్కడ అక్క తలకి పెట్టి గీతలు తీశారు. నేను పక్కన కూర్చున్నంతసేపూ ఒక అల వస్తోంది. నేను లేచి వెళితే ఆగిపోతోంది. నర్సు కూర్చుంటే రాదు. మిషనాయన చూసి "మీ అక్కగారు మిమ్మల్ని గుర్తుపడుతున్నట్టుందమ్మా" అన్నాడు. డాక్టరు మాత్రం పక్కన ప్రశ్న గుర్తు వేసి, మళ్ళీ తీద్దాం అన్నాడు. కాగితం నకలు ఇందులో పెడుతున్నాను.

ఇరవై రెండేళ్ళుగా అవే గీతలు చూస్తున్నారు. తెలిసింది రాయండి. కింద సంతకం పెట్టండి. వేళాకోళం ఒక్క ముక్క కనిపించినా చింపేస్తాను.

ఇక్కడికి మాత్రం రావద్దు.

నేను


రికార్డింగు గది, నీళ్ళ కుండ పక్కన
నువ్వు వెళ్ళిన యాభై రెండో రోజు

మా దర్జీ గారికి,

కింద సంతకం పెడుతున్నాను. చాలదంటే వేలిముద్ర కూడా వేస్తాను. వేళాకోళం వద్దన్నావు గనక ఇప్పటికే నాలుగు వాక్యాలు కొట్టేశాను. కొట్టివేతలు చూసి కోప్పడకు, అవి నా సంస్కారం.

ముందు నీకు ఈ విద్య కొంచెం చెప్పాలి. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి, ఒక్కసారి చదివినవాళ్ళ కంటే బాగానే చెబుతాను. తల మీద ఇరవై ఒక్క బిళ్ళలు జిగురుతో అంటిస్తాం. మెదడులో పుట్టే కరెంటు ఎంతంటే, టార్చిలైటు బ్యాటరీ కూడా దాన్ని చూసి నవ్వుతుంది. ఆ పిసరంత దాన్నే మిషను పెద్దది చేసి గీస్తుంది. గీత సెకనుకి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టడమే మా గొప్పతనమంతా. మెలకువగా ఉండి మొగుడితో పోట్లాడే మనిషికి సెకనుకి ఇరవై, పాతిక. సన్నగా ముళ్ళకంచెలా ఉంటుంది. ఊరికే కళ్ళు మూసుకు కూర్చుంటే తల వెనక వైపు పది వస్తుంది. నున్నగా, దువ్విన జుట్టులా. కళ్ళు తెరవగానే ఆ పది మాయం. గాఢనిద్రలో ఒకటి, రెండు. పెద్ద పెద్ద కొండలు. వదిన కాగితం అడుగునంతా కొండలే. నిద్రలాంటిదే కానీ నిద్ర కాదు. నిద్రపోయేవాణ్ణి గిల్లితే కొండలు చెదురుతాయి. వదినవి చెదురుతాయో లేదో ఈ కాగితంలో ఎవరూ చూడలేదు.

ఇక నువ్వడిగిన అల. మూడు గెంతులు, ఒక ఆపు. మళ్ళీ మూడు గెంతులు, ఒక ఆపు. కొండల మీద కుందేలు పోతున్నట్టు. దాని సంగతి ఇప్పుడు రాయను. మా పెద్ద డాక్టరమ్మకి చూపించాలి. ఈలోగా రెండు ప్రశ్నలకి జవాబు రాయి. గీతలు తీస్తున్నంతసేపూ మిషనాయన గదిలోనే ఉన్నాడా? ఆ సమయంలో నీ చెయ్యి ఎక్కడుంది?

ఇంటి సంగతులు. కుళాయి కారుతోంది. నీ కుట్టు మిషను మీద దుప్పటి కప్పాను, ఆ ఆకారం చూసి రోజుకొకసారి ఎవరో వచ్చి కూర్చున్నారనుకుని ఉలిక్కిపడుతున్నాను. ఇంట్లో ఏడిపించడానికి మనిషి లేక నాకు నోరు తుప్పు పట్టింది. నిన్న అద్దంలో నన్ను నేనే ఎక్కిరించుకున్నాను, అదీ తిరిగి ఎక్కిరించింది గానీ తిట్టలేదు. ఏం లాభం?

మొన్న మధ్యాహ్నం పేషెంట్లు ఎవరూ లేరు. నా తలకి నేనే బిళ్ళలు అంటించుకుని కళ్ళు మూసుకున్నాను. పది వస్తోంది. నువ్వు గుమ్మానికి వీపు పెట్టి మిషను తొక్కుతున్నట్టు, మెడ మీద కొలత టేపు వేలాడుతున్నట్టు తలుచుకున్నాను. కళ్ళు మూసుకునే ఉన్నాను, అయినా పది చెదిరిపోయింది. డాక్టరమ్మని అడిగితే, "మనసులో దేన్నైనా గట్టిగా చూస్తే అట్లా అవుతుందయ్యా, మెదడుకి అదీ చూడటమే" అంది. ఎవరిని చూశావని అడగలేదు. పెద్దమనిషి.

సంతకం చేసి
నీ మొగుడు


ఆసుపత్రి, అదే మంచం
యాభై తొమ్మిదో రోజు

మీకు,

మిషనాయన తీగలన్నీ అంటించి, మీట నొక్కి, టీ తాగడానికి వెళ్ళాడు. గదిలో నేనూ అక్కే ఉన్నాం, మధ్యలో నేను లేచిన కాసేపూ నర్సు వచ్చి కూర్చుంది.

నా చెయ్యి ఎక్కడుంటుంది? అక్క నుదుటి మీద ఉంది. జోకొడుతున్నాను. యాభై తొమ్మిది రోజులుగా నేను చేస్తున్న పని అదొక్కటే.

మీరు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. మూడు గెంతులు, ఒక ఆపు! అది ఎవరి లెక్కో తెలుసా? అమ్మ పోయేసరికి నాకు మూడేళ్ళు, అక్కకి పదిహేను. నేను ఏడుస్తూ నిద్రపోయేదాన్ని కాదట. అక్క ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టాలి, నన్నూ పడుకోబెట్టాలి. నన్ను ఒళ్ళో వేసుకుని, కాళ్ళతో మిషను తొక్కుతూ, ఎడం చేత్తో జోకొట్టేది. మూడుసార్లు తట్టి ఒకసారి ఆపేది. ఆ ఆపు ఎందుకంటే, గుడ్డ ముందుకి జరుపుకోవడానికి. నాకు ఆ ఆపు లేకపోతే నిద్ర రాదు. నేను ఎవరికి జోకొట్టినా అట్లాగే వస్తుంది చేతికి.

ఇప్పుడు అర్థమైందా? నేను బయట జోకొడుతుంటే, లోపల్నుంచి అక్క నాకు జోకొడుతోంది. తను నేర్పిన లెక్కతోనే జవాబు చెబుతోంది. "చిన్నది వచ్చిందా?" అని అడిగింది కదా, వచ్చానని తెలిసింది.

మీ డాక్టరమ్మ కూడా అదే అంటే చెప్పండి. నేనిక ఇక్కడే ఉంటాను. ఎన్నేళ్ళైనా సరే. అక్క దుకాణం తెరిచి కుట్టుకుంటూ, పొద్దునా సాయంత్రం వచ్చి కూర్చుంటాను. మన ఇంట్లో నా మిషను ఎవరికైనా పనికొచ్చేవాళ్ళకి ఇచ్చేయండి. అప్పుడు ఉలిక్కిపడే పని ఉండదు.

నిజం రాయండి. ఈ ఒక్కసారి.

నేను


మన వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని
అరవై ఆరో రోజు

నీకు,

ఇందులో వేళాకోళం లేదు.

ఈ ఉత్తరం మూడుసార్లు రాశాను. మొదటి దాంట్లో "అవును, వదిన జవాబిస్తోంది" అని రాశాను. చక్కగా కుదిరింది, నా జీవితంలో అంత బాగా కుదిరిన అబద్ధం లేదు. నువ్వు సంతోషిస్తావు, నన్ను క్షమిస్తావు, ఎప్పటికీ తిరిగి రావు. దాన్ని పొయ్యిలో పెట్టాను. రెండో దాంట్లో నిజమే రాశాను గానీ, చదువుతుంటే భార్యని ఇంటికి రప్పించుకోవడానికి మొగుడు ఆడుతున్న నాటకంలా ఉంది. అదీ కాల్చాను. ఇది మూడోది. నువ్వు రావాలని నాకుంది, దాచను. కానీ కాగితానికి నా కోరికలతో పని లేదు.

ఆ అల వదినది కాదు. నీ చేతిది.

నుదుటి మీద తట్టినప్పుడల్లా అక్కడున్న బిళ్ళ వెంట్రుకవాసి కదులుతుంది. మిషనుకి మెదడేదో చెయ్యేదో తెలీదు, కదిలిందల్లా గీసేస్తుంది. పసిపిల్లలకి తీసేటప్పుడు తల్లులు జోకొడితే మా గదిలోనూ అచ్చం ఇట్లాగే వస్తుంది. అందుకే నేను టీకి వెళ్ళను, తల్లి చెయ్యి ఎక్కడుందో కాగితం అంచున రాసుకుంటాను. నువ్వు కూర్చుంటే వచ్చి, నర్సు కూర్చుంటే రాకపోవడానికి కారణం అదే. నర్సు జోకొట్టదు. కాగితం మళ్ళీ చూడు. ఆ మూడు గెంతులు నుదుటి మీది నాలుగు గీతల్లోనే ఉన్నాయి. మెదడులో పుట్టిన అలైతే పక్కలకి పాకుతూ, చిన్నదవుతూ పోతుంది. ఇది గుమ్మం దగ్గరే ఆగిపోయింది, లోపలికి అడుగు పెట్టలేదు.

ఇంకొకటి ఒప్పుకోవాలి. డాక్టరమ్మకి చూపించాలన్నది సాకు. తర్వాత చూపించాను, ఆవిడా ఇదే అంది. కానీ నాకు కాగితం విప్పగానే తెలిసిపోయింది. నాకు విషజ్వరం వచ్చినప్పుడు పదకొండు రోజులు నా భుజం మీద పడిన లెక్క అది. ఆ ఆపు గుడ్డ జరుపుకోవడానికని నీ ఉత్తరం చదివేదాకా తెలీదు. నువ్వు అలిసిపోయి ఆగుతున్నావని అనుకునేవాణ్ణి. నువ్వు వెళ్ళాక నీ చెయ్యి చూడటం అదే మొదలు. ఆ గెంతుల మీద వేలు పెట్టి, ఆపు దగ్గర ఆగి, మళ్ళీ జరుపుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. అందుకే ఆ రోజు నిజం రాయలేకపోయాను. రాస్తే నువ్వు చెయ్యి తీసేస్తావని.

నన్ను నమ్మవద్దు. నమ్మేలా నేను బతకలేదు. నువ్వే పరీక్ష చెయ్యి. మన పెళ్ళికి ముందు సంగతి నీకు చెప్పానో లేదో, కొత్తగా వచ్చిన చిన్న డాక్టరుకి గర్వం ఎక్కువైందని ఒక క్యాబేజీకి బిళ్ళలు అంటించి, దాని పక్కన బల్ల మీద దరువు వేస్తూ గీతలు తీసి ఇచ్చాను. ఆయన గంభీరంగా చూసి "మూడేళ్ళ పిల్ల, నిద్రలో ఉంది" అని రాశాడు. నాకు పదిహేను రోజులు పని పోయింది. నువ్వూ అదే చెయ్యి. మంచి గట్టి క్యాబేజీ తెచ్చి, మిషనాయన చేత బిళ్ళలు పెట్టించి, జోకొట్టు. మూడు గెంతులు, ఒక ఆపు వస్తే నేను చెప్పింది నిజం. రాకపోతే నేను అబద్ధాలకోరుని, మిషను ఎవరికైనా ఇచ్చేస్తాను.

తర్వాత వదినకి మళ్ళీ తీయించు. ఎవరూ మంచం ముట్టుకోకూడదు. ఒకసారి పేరు పెట్టి పిలవండి, ఒకసారి చప్పట్లు కొట్టండి, ఒకసారి డాక్టరు చేత గోటి మీద నొక్కించండి. ఏ నిమిషానికి ఏం చేశారో రాసి పెట్టండి. కొండలు చెదిరితే ఆశ ఉంది. అప్పుడు నేనే నీ మిషను మోసుకొచ్చి అక్కడ దింపుతాను.

సంతకం


ఆసుపత్రి
డెబ్భై ఒకటో రోజు

క్యాబేజీ!

మా అక్క తలా క్యాబేజీ తలా ఒకటేనా మీకు? మనిషి పోయేలా ఉన్నా మీకు కూరగాయలే గుర్తొస్తాయి. నిజం రాయమని బతిమాలాను. రాయకండిక. ఉత్తరమొస్తే తిప్పి పంపేస్తాను.


పోస్టు కార్డు
డెబ్భై ఆరో రోజు

కార్డు అయితే తిప్పి పంపే ముందు ఎట్లాగూ కంటపడుతుందని. తిట్టు, పడతాను. కానీ క్యాబేజీ కొను.


ఆసుపత్రి, వరండా బెంచీ
తొంభై మూడో రోజు

ఏవండీ,

పదిహేను రోజులు మీ కార్డు దిండు కింద పెట్టుకున్నాను. చింపలేదు. ఎందుకు చింపలేదో నాకే తెలియలేదు.

పోయిన వారం బజారులో క్యాబేజీల ముందు నిలబడిపోయాను. "కూరకా, వేపుడికా?" అని అడిగింది కూరగాయలామె. "పరీక్షకి" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, ఆకులు ఒలిచి గట్టిది ఇచ్చింది. సంచిలో పెట్టుకుని మూడంతస్తులు ఎక్కుతుంటే చచ్చేంత సిగ్గేసింది. మిషనాయన మొదట కుదరదన్నాడు. మీ కథ చెప్పాను. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చిందండీ, సరిగ్గా మీకు వచ్చే వెలుగు. తలుపు గడియ వేసి, క్యాబేజీ కింద తువ్వాలు మడిచి పెట్టి, అన్ని బిళ్ళలూ అంటించాడు. "పేషెంటు పేరు?" అన్నాడు. "మావారు" అన్నాను.

జోకొట్టాను.

మూడు గెంతులు, ఒక ఆపు. అక్క కాగితం పక్కన పెట్టి చూశాం. ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి "తప్పు నాదేనమ్మా, నేను గదిలోనే ఉండాల్సింది" అన్నాడు. నేను చెయ్యి ఆపలేకపోయాను. క్యాబేజీ కూడా అక్కలాగే జవాబు చెబుతూ ఉంది. ఎంతసేపు తట్టానో తెలియదు, ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

తర్వాత అక్కకి మీరు రాసినట్టే తీశారు. "అక్కా, చిన్నదాన్ని వచ్చాను" అని నేనే పిలిచాను. చప్పట్లు కొట్టారు. డాక్టరు గోటి మీద గట్టిగా నొక్కాడు, నాకు నొప్పేసింది. కొండలు కొండల్లాగే ఉన్నాయి. ప్రశ్న గుర్తు కొట్టేసి, అక్కకి ఏ బాధా తెలియకుండా చూసుకుందాం, అంతకు మించి ఏం లేదన్నాడు.

అంటే వచ్చానని అక్కకి తెలియదు. ఆ మాట కాగితం మీద పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

ఒకటి చెప్పనా? మీరు ఆ మొదటి ఉత్తరమే పంపి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మీ మీద కోపం కూడా పోయేది. బాగా కుదిరిన అబద్ధాన్ని మీరు పొయ్యిలో పెట్టారని ఎవరైనా చెబితే నేను నవ్వి ఉండేదాన్ని. నోట్లో గుండుసూదులున్నా సరే.

ఇప్పుడూ జోకొడుతున్నాను. జవాబు కోసం కాదు. అక్క నాకు జోకొట్టినన్నాళ్ళు జవాబు అడిగిందా?

మిషను ఇచ్చేశారా?

మిషనాయన మొన్న "క్యాబేజీకి తీశాం, మీకు తీయకపోతే ఎట్లా?" అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. కళ్ళు మూసుకోమన్నాడు. మీ క్యాబేజీ ఉత్తరం ఆయనకిచ్చి పైకి చదవమన్నాను. ఆ కాగితం పెడుతున్నాను. ఏముందో మీరే చెప్పండి, నాకు ఈ గీతలు తెలియవు.

మీ
దర్జీ


రికార్డింగు గది, తలుపు మూసి
తొంభై ఎనిమిదో రోజు

నా దర్జీకి,

మిషను ఇవ్వలేదు. దుప్పటి కూడా తీసేశాను. ఇప్పుడు మిషనే కనబడుతోంది, అది ఇంకా కష్టంగా ఉంది.

వదిన నేను కనబడినప్పుడల్లా "మరిదీ, నువ్వు ఎప్పుడు బాగుపడతావు?" అని అడిగేది. నేను బాగుపడేసరికి వినడానికి తను లేదు. నా వల్ల పోయిన ఆ తొమ్మిదింటి బస్సుని నేను తెచ్చి ఇవ్వలేను. రాసి ఇస్తున్నాను, అది నా తప్పు. కింద సంతకం ఉంది.

నీ కాగితం చదివాను. వైద్యపరంగా చెబుతున్నాను, విను. మొదటి రెండు నిమిషాలు కళ్ళు మూసుకున్నావు. తల వెనక పది, నున్నగా, చక్కగా. మొదటిసారి చూశాను నీ పదిని, దువ్విన జుట్టే. మిషనాయన ఈసారి బుద్ధిగా ఉత్తరంలో ఏ మాట చదివాడో ప్రతి నిమిషం దగ్గరా రాసి పెట్టాడు: "ఈ ఉత్తరం మూడుసార్లు రాశాను", ఇక్కడ ఏమీ మారలేదు. "పదకొండు రోజులు నా భుజం మీద" అని చదివిన చోట, పది చెదిరిపోయింది. కళ్ళు తెరిచావేమో అని ముందు గీతలన్నీ వెతికాను. రెప్ప కొడితే అక్కడ పెద్ద గొయ్యి పడుతుంది. గొయ్యి లేదు. కళ్ళు మూసుకునే ఏదో చూశావు. ఎవరిని చూశావని అడగను. నేనూ పెద్దమనిషినే.

ఆ తర్వాత క్యాబేజీ చోట, రెండు కణతల దగ్గరా సిరా ఒలికినట్టు మందంగా నల్లగా వచ్చింది. పద్దెనిమిది సెకన్లు. దవడ కండరాలు బిగిస్తే అట్లా వస్తుంది. మనిషి నవ్వినా అట్లాగే వస్తుంది, పళ్ళు బిగించి ఏడ్చినా అట్లాగే వస్తుంది. ఇరవై రెండేళ్ళ అనుభవం పెట్టి చూశాను, భూతద్దం పెట్టి చూశాను, డాక్టరమ్మకి చూపించాను. గీతల్లో తేడా తెలియదట. అక్కడ మిషనాయన కూడా ఏమీ రాయలేదు, దొంగ.

కనక వచ్చి చూడాలి. శనివారం తొమ్మిదింటి బస్సు ఎక్కుతున్నాను. రావద్దని మొదటి ఉత్తరంలో రాశావు, ఈ చివరి దాంట్లో రాయలేదు. మర్చిపోయావనుకునేంత అమాయకుణ్ణి కాదు. నెల రోజులు సెలవు పెట్టాను. "ఎవరైనా పోయారా?" అని అడిగారు. "లేదు, నేనే పోతున్నాను" అన్నాను.

నువ్వు తొంభై ఎనిమిది రోజులుగా సరిగ్గా పడుకోలేదని ఆ కాగితమే చెబుతోంది. చివర్లో, నవ్వో ఏడుపో అయ్యాక, కూర్చున్న కుర్చీలోనే కునికావు. పది కరిగిపోయి చిన్న చిన్న కొండలు మొదలయ్యాయి. నేను వచ్చాక ఆ వరండా బెంచీ మీద పడుకో. వదిన దగ్గర నేను కూర్చుంటాను. లెక్క నాకు తెలుసు. మూడుసార్లు తట్టి, గుడ్డ జరుపుకునేంతసేపు ఆపాలి.

ఈ ఉత్తరం నీకు శుక్రవారం అందుతుంది. నమ్మితే బస్టాండుకి రా. నమ్మకపోతే రాకు, దారి అడుక్కుంటూ వస్తాను. నేను దిగలేదనుకో, రెండు గంటలు నిలబడి తిట్టుకో. కానీ దిగుతాను.

సంతకం. పక్కన వేలిముద్ర కూడా.